మేనమామ రాజ్‌దూత్ 350 నిలబెట్టాలా, కొత్త ఇంటర్‌సెప్టర్ 650 కొనాలా?

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. పరకాలలో మీ మేనమామ ఇంట్లో 1985 నాటి రాజ్‌దూత్ 350 పన్నెండేళ్లుగా రేకుల షెడ్డులో పడి ఉంది. ఆయన ఊరికే ఇస్తానంటున్నాడు. నీ దగ్గర నాలుగు లక్షల పైచిలుకు ఉంది. ఆ డబ్బుతో దాన్ని నిలబెట్టాలా, లేక దానిలాగే రెండు సిలిండర్లున్న ఇంటర్‌సెప్టర్ 650 కొనాలా? ఉండేది హనుమకొండ సుబేదారిలో, ఆఫీసు కాజీపేటలో. నెలకు రెండుసార్లు హైదరాబాద్, వీలు దొరికితే లక్నవరం.

ఆ రెండు బండ్లూ నా దగ్గర ఉన్నాయి. రాజ్‌దూత్ 1998లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ఇంటర్‌సెప్టర్ 2019లో. కాజీపేట డీజిల్ లోకో షెడ్‌లో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఇంజిన్ విప్పాలంటే నాకు భయం లేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు. నేను రాజ్‌దూత్‌ను ఇన్నేళ్లు నడిపానంటే అందులో సగం కారణం నా చేతిలో ఉన్న పనే. నువ్వు కంప్యూటర్ ముందు కూర్చునేవాడివి. నా అనుభవం నీకు అచ్చంగా సరిపోదు, చదివేటప్పుడు ఇది గుర్తుంచుకో.

ముందు పేరు సంగతి. పాల క్యాన్లు కట్టుకుని ఊళ్లు తిరిగిన రాజ్‌దూత్ 175 వేరు, ఇది వేరు. ఇది యమహా ఆర్‌డీ 350. జపాన్‌లో 1973లో వచ్చింది, మన దేశంలో ఎస్కార్ట్స్ వాళ్లు 1983 నుంచి లైసెన్సు మీద తయారుచేశారు. 347 సీసీ టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. అసలు యమహా 39 హార్స్ పవర్ ఇస్తే, మైలేజీ కోసం మన దగ్గర తగ్గించి హెచ్‌టీ (హై టార్క్) అని 30.5, ఎల్‌టీ (లో టార్క్) అని 27 హార్స్ పవర్‌తో రెండు రకాలు వదిలారు. యమహాకు ముందు డిస్క్ బ్రేక్ ఉండేది. మనకు డ్రమ్ము ఇచ్చారు. ఆ ఒక్క పని ఎంతమందిని ఆస్పత్రి పాలు చేసిందో నా వయసు వాళ్లను అడుగు.

ఇంటర్‌సెప్టర్ పేరు కూడా పాతదే. ఇంగ్లండ్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ 1960లలో ఆ పేరుతో 736 సీసీ బండి చేసేది. ఇప్పుడున్నది 2018 నవంబరులో మన మార్కెట్‌లోకి వచ్చింది. 648 సీసీ, 47 హార్స్ పవర్, ఆరు గేర్లు. చూపులకు తాత పోలిక, లోపల అంతా కొత్త రక్తం: ఫ్యూయల్ ఇంజెక్షన్, ఏబీఎస్, గేరు దించినప్పుడు వెనక చక్రం జారకుండా చూసే స్లిప్పర్ క్లచ్.

ఇక అసలు విషయం. రెండు సిలిండర్లు అనగానే రెండూ ఒకే జాతి అనుకుంటాం. కాదు. రాజ్‌దూత్‌లో ఒక పిస్టన్ పైన ఉంటే రెండోది కింద ఉంటుంది. టూ స్ట్రోక్ కాబట్టి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) అర చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒక సిలిండర్ పేలుతుంది. సమంగా, గ్యాప్ లేకుండా. అందుకే అది తేనెటీగల గుంపులా రయ్యిమంటుంది. ఇంటర్‌సెప్టర్‌లో క్రాంక్‌ను 270 డిగ్రీల లెక్కన పెట్టారు. ఒక పేలుడుకీ ఇంకో పేలుడుకీ మధ్య ఒకసారి 270 డిగ్రీలు, తర్వాత 450 డిగ్రీలు. రెండు దగ్గరగా, తర్వాత కాస్త ఊపిరి. గుర్రం దౌడు తీసినట్టు ఉంటుంది ఆ చప్పుడు. లోపల బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది కాబట్టి చప్పుడులో ఉన్న అదురు చేతుల్లోకి రాదు.

దీనివల్ల నడిపేటప్పుడు ఏం తేడా అంటావా? హంటర్ రోడ్డులో మూడో గేర్లో ఆటో వెనక పోతున్నావనుకో. ఇంటర్‌సెప్టర్‌లో గేరు మార్చే పనిలేదు, రేస్ ఇస్తే చాలు, ఎత్తుకుంటుంది. దాని బలంలో చాలావరకు 2,500 ఆర్‌పీఎం దగ్గరే మొదలవుతుంది. రాజ్‌దూత్‌లో అదే పని చేస్తే గుడగుడమని దగ్గుతుంది. రెండు గేర్లు దించాలి. దించి, ముల్లు ఐదు వేలు దాటించావా, అప్పుడు ఉంటుంది చూడు. ఎవరో వెనక నుంచి ఎత్తి విసిరినట్టు ఉంటుంది. నాకు అరవై దాటాయి, ఆ కుదుపుకి ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇంటర్‌సెప్టర్ అంతకంటే వేగంగానే పోతుంది, అనుమానం లేదు, కానీ దాని వేగం నీకు తెలియకుండా వస్తుంది. రాజ్‌దూత్‌లో అరవైలో పోయినా నూరు మీద ఉన్నట్టు ఉంటుంది. ఒక రకంగా అదే మంచిది.

ఇప్పుడు రాజ్‌దూత్ ఏం అడుగుతుందో చెప్తాను, ఎందుకంటే దాని గురించి అందరూ ప్రేమలేఖలే రాస్తారు.

2003 మే నెల. ములుగు రోడ్డు మీద జాకారం దగ్గర ఉన్నాను, వెనక మా ఆవిడ. నాలుగైదు కిలోమీటర్ల నుంచి ఒకే వేగంలో పోతున్నాను, ఎనభై అలా. ఇంజిన్ గొంతు మారింది. పిండి గిర్నీలో బెల్టు బిగుసుకున్నప్పుడు ఒక మూలుగు వస్తుంది చూడు, అలాంటిది. రెండు సెకన్లు. తర్వాత పిస్టన్ పట్టేసి వెనక టైరు కీచుమని నిలబడిపోయింది. టూ స్ట్రోక్ నడిపేవాడు ఎడమ చేతి రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీద పెట్టుకోవాలని మా సీనియర్ ఒకాయన నేర్పాడు. క్లచ్ నొక్కగానే చక్రం వదిలింది, ఆ రెండు వేళ్ల వల్ల బతికాం. గట్టమ్మ గుడి దాకా తోసుకెళ్లి, మేడారం పోయేవాళ్లు మొక్కుకునే ఆ చెట్ల నీడన గంటసేపు కూర్చున్నాం. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత పదహారేళ్లు, ఇంటర్‌సెప్టర్ వచ్చేదాకా, ఆమె ఊరు దాటే ప్రయాణానికి బండి ఎక్కలేదు.

కారణం చాలా చిన్నది. రాజ్‌దూత్‌లో టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) పెట్రోల్లో కలపనక్కర్లేదు, వేరే ట్యాంకు నుంచి ఒక చిన్న పంపు కొలతగా ఇంజిన్‌కి ఇస్తుంది. రేస్ వైరు మూడుగా చీలి రెండు కార్బొరేటర్లకూ, ఒకటి ఆ పంపుకూ పోతుంది. ముందు వారం మెకానిక్ కార్బొరేటర్లు శుభ్రం చేసి, వాటి వైర్లు సరిచేసి, పంపు వైరు సంగతి మర్చిపోయాడు. రేస్ తెరిస్తే పెట్రోలు పెరిగింది, ఆయిల్ దానికి తగ్గట్టు పెరగలేదు. ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. విప్పి చూస్తే పిస్టన్ పక్కలు పిల్లి గోకినట్టు ఉన్నాయి. పంపు మీద గుర్తు ఉంటుంది, చూడటానికి అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషం చూడనందుకు రెండు పిస్టన్లు, రెండు బోర్లు.

రెండు అని ఎందుకన్నానంటే ఒక సిలిండర్ మాత్రమే బోరింగ్ చేయిస్తే, అంటే లోపలి గోడ కోసి వెడల్పు చేయిస్తే, పని అయిపోదు. రెండింటి కొలతా ఒకటే ఉండాలి. పిస్టన్లు 0.25 మిల్లీమీటర్ల చొప్పున పెద్ద సైజుల్లో వస్తాయి. ఇప్పటికే ఎన్నిసార్లు బోరింగ్ అయిందో నీ మామయ్య బండిది విప్పితేగానీ తెలియదు. చివరి సైజు దాటి ఉంటే సిలిండర్ లోపల స్లీవు (కొత్త గొట్టం) వేయించాలి.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. రెండు సిలిండర్లకు రెండు జతల పాయింట్లు (ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చూసే స్విచ్చులు), రెండు కండెన్సర్లు. ఒక్కోదాని టైమింగ్ విడిగా, డయల్ గేజ్ పెట్టి, పిస్టన్ పైనుంచి ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో కొలిచి పెట్టాలి. చెవితో పెడతా అన్న మెకానిక్‌కు దండం పెట్టి వచ్చెయ్. కార్బొరేటర్ల స్లైడులు (రేస్ ఇస్తే లేచి గాలి దారి తెరిచేవి) రెండూ ఒకేసారి లేవాలి. నేను ఫిల్టర్ తీసి, రెండు వేళ్లు రెండు నోళ్లలో పెట్టి, రేస్ మెల్లగా తిప్పి చూస్తాను. ఒక వేలికి ముందు తగిలి ఇంకో వేలికి తర్వాత తగిలిందంటే ఒక సిలిండర్ ఇంకోదాన్ని ఈడ్చుకుపోతున్నట్టే.

అన్నిటికంటే ఖరీదైనది క్రాంక్. పన్నెండేళ్లు కదలని బండి కాబట్టి ఆయిల్ సీళ్లు ఎండిపోయి రాయిలా అయి ఉంటాయి. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ లోపలికి లాగి తెల్లటి పొగ కక్కుతుంది. అది నయం, కనిపిస్తుంది. పాయింట్ల వైపు సీలు పోతే బయటి గాలి లాగుతుంది, పెట్రోలు పలచబడుతుంది, ఏ సూచనా లేకుండా పిస్టన్ పట్టేస్తుంది. మధ్య సీలు, బేరింగులు మార్చాలంటే క్రాంక్‌ను ప్రెస్సు మీద విడదీసి మళ్లీ కలపాలి, కలిపాక డయల్ గేజ్ మీద తిప్పి సరిచూడాలి. మన దగ్గర లేత్ షాపులు బోలెడు, ట్రాక్టర్ పని బంగారంలా చేస్తారు. ఈ క్రాంక్‌ను మాత్రం సుత్తితో సరిచేసే చేతులకు ఇవ్వకు. పని తెలిసినవాడు ఎంత దూరంలో ఉన్నా పార్సిల్ కట్టి పంపు.

పెట్రోలు సంగతి కూడా చూడాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసినది. 1980ల నాటి రబ్బరు పైపులు, కార్బొరేటర్ వాషర్లు దానికి ఉబ్బుతాయి, పగులుతాయి. ఇథనాల్ తేమను పట్టుకుంటుంది కాబట్టి వాడకుండా నిలబెట్టిన బండి ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. పైగా మిశ్రమం పలచబడుతుంది. నేను మెయిన్ జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోలు పోయే రంధ్రం) ఒక సైజు పెంచుకున్నాను. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన ఇంటర్‌సెప్టర్ తీసుకుంటే ఈ తలనొప్పి లేదు.

బ్రేకుల గురించి ముందే చెప్పాను, ఇంకొక్క మాట. రాజ్‌దూత్ ముందు డ్రమ్ములో రెండు షూలూ ముందుకు తిరిగే చక్రాన్నే పట్టేలా పెట్టారు. చల్లగా ఉన్నప్పుడు బాగానే పడుతుంది. వరసగా నాలుగుసార్లు గట్టిగా పట్టావంటే వేడెక్కి జారుతుంది, వానలో తడిస్తే మొదటిసారి పడనే పడదు. ఎత్తు మీద ఆపినప్పుడు బండి వెనక్కి జారుతుంటే ముందు బ్రేకు ఉన్నా లేనట్టే, ఎందుకంటే ఆ షూలు వెనక్కి తిరిగే చక్రాన్ని పట్టేందుకు పెట్టినవి కావు. కొత్తవాళ్లు హనుమకొండ గుట్టల దగ్గర ఇలాగే పడిపోతారు. ఇంటర్‌సెప్టర్‌కు ముందు 320 మిల్లీమీటర్ల డిస్కు, వెనక 240, ఏబీఎస్. పోలికే లేదు. అయినా ఒక జాగ్రత్త చెప్తాను: యాసంగి కోతల్లో మనవాళ్లు వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. ఆ గింజల మీద ఏబీఎస్ చక్రం లాక్ కాకుండా చూస్తుంది తప్ప, లేని పట్టును తెచ్చిపెట్టదు. రాత్రి పరకాల రోడ్డులో వస్తే నలభై దాటకు, ఏ బండైనా సరే.

మరి ఇంటర్‌సెప్టర్ ఏమీ అడగదా? అడుగుతుంది. మొదటిది నీ నడుము. పెట్రోలుతో కలిపి 217 కిలోలు. రాజ్‌దూత్ దానికి దాదాపు అరవై కిలోలు తక్కువ. ఒక మనిషిని అదనంగా తోస్తున్నట్టు. సుబేదారి సందుల్లో మీ గేటు ముందు ర్యాంపు ఎంత ఏటవాలుగా ఉందో చూసుకో. నడుపుతున్నప్పుడు బరువు తెలియదు, దిగి వెనక్కి లాగేటప్పుడు తెలుస్తుంది. సీటు ఎత్తు 804 మిల్లీమీటర్లు, ఐదున్నర అడుగుల మనిషికి కాళ్లు నేలకు ఆనుతాయి, ఇబ్బంది లేదు.

రెండోది వేడి. గాలితో, ఆయిల్‌తో చల్లబడే ఇంజిన్. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి హనుమకొండ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగితే మోకాళ్ల దగ్గర కుంపటి పెట్టుకున్నట్టే. జీన్స్ వేసుకోకుండా ఎక్కకు. కాజీపేట దాకా రోజువారీ ఆఫీసుకు దీన్ని వాడాలంటే వేసవిలో మూడు నెలలు తిట్టుకుంటావు. నిజం చెప్పాలంటే ఆ పనికి స్కూటీ చాలు.

మూడోది పంక్చర్. స్పోకుల చక్రాలున్న మోడల్‌లో ట్యూబు ఉంటుంది. తాడ్వాయి అడవిలో వెనక చక్రానికి మేకు దిగిందంటే ఇంత బరువైన బండిని సెంటర్ స్టాండ్ వేసి చక్రం ఊడదీయాలి. 2023 నుంచి అలాయ్ చక్రాలతో ట్యూబ్‌లెస్ కూడా ఇస్తున్నారు. స్పోకులు అందంగా ఉంటాయి, ఒప్పుకుంటాను, నావీ అవే. నువ్వు మాత్రం అలాయ్ తీసుకో.

హైదరాబాద్ ప్రయాణానికి ఇంటర్‌సెప్టర్‌కు పేరు పెట్టలేం. నాలుగు లైన్ల రోడ్డు మీద నూరు దగ్గర పెట్టి, చెయ్యి కదపకుండా, రఘునాథపల్లి, ఆలేరు దాటేస్తావు. నా బండి హైవేలో లీటరుకు పాతిక పైన ఇస్తుంది. ట్యాంకు 13.7 లీటర్లు, పోయి రావడానికి బొటాబొటిగా సరిపోతుంది. సీటు మాత్రం గట్టి. జనగామలో చాయ్‌కి ఆగాలనిపించకపోయినా ఆగుతావు. రాజ్‌దూత్ మీద కూడా హైదరాబాద్ పోయాను, ఒకసారి కాదు. ఒకే వేగంలో గంటసేపు పరుగెత్తించడం ఆ ఇంజిన్‌కు పడదు, మధ్యమధ్యలో రేస్ తగ్గించి పెంచుతూ పోవాలి. నా చేతిలో ఇరవై, ఇరవై రెండు మించి ఇవ్వలేదు, ఆయిల్ ఖర్చు అదనం. పోయిన ప్రతిసారీ చెవులు ఇంజిన్ మీదే. సంచిలో రెండు ప్లగ్గులు, ప్లగ్ పానా, కండెన్సర్, క్లచ్ వైరు.

ఆ చెవులు పెట్టడంలోనే దాని రుచి ఉంది, కాదనను. కానీ అది ఖాళీ ఉన్న ఆదివారం రుచి. సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు మీటింగ్ ఉన్నవాడికి అది టెన్షన్.

అందుకని నా మాట: డబ్బు ఇంటర్‌సెప్టర్ మీద పెట్టు. 2025 సెప్టెంబరు నుంచి 350 సీసీ దాటిన బండ్ల మీద జీఎస్టీ నలభై శాతం అయింది కాబట్టి మూడు నాలుగేళ్లు వాడిన మంచి బండి దొరికినా చూడు. ఆ ఇంజిన్ మొండిది. ఆయిల్ టైముకు మార్చి, చైన్ ఎండనివ్వకుండా, ట్యాపెట్లు (వాల్వుల సందు) చూయించుకుంటే చాలు. ట్యాపెట్లు స్క్రూ, నట్టు రకమే, పాతకాలం మెకానిక్ కూడా ఫీలర్ గేజ్‌తో సరిచేయగలడు. నేను ఆయిల్ 5,000 కిలోమీటర్లకే మారుస్తాను, అది నా చాదస్తం.

రాజ్‌దూత్‌ను మాత్రం వదులుకోకు. ఊరికే వస్తున్న దాన్ని వద్దంటే ఎవడో సగం ధరకు ఎత్తుకుపోయి, విడిభాగాలుగా అమ్ముకుంటాడు. తెచ్చి ఇంట్లో పెట్టుకో. ఏడాదిలోపు బాగుచేయించాలని పంతం పెట్టుకోకు. కొంచెం కొంచెంగా, ముందు ట్యాంకు, తర్వాత వైరింగ్, తర్వాత ఇంజిన్. యాభై ఏళ్లు నిండిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ అని 2021లో రూల్స్ వచ్చాయి. నీ బండికి ఆ వయసు 2035లో వస్తుంది, అప్పటిదాకా మామూలు దారే: పదిహేనేళ్లు దాటింది కాబట్టి ఫిట్‌నెస్ చేయించి ఆర్‌సీ రెన్యువల్, ఆ తర్వాత ఐదేళ్లకోసారి.

ఈ ఆదివారం పరకాల పోతున్నానన్నావు కదా. పోయి ముందు ఆర్‌సీ అడుగు. పాత పద్ధతి నంబరు ఉంటుంది, పుస్తకం చిరిగి ఉంటుంది, ఫరవాలేదు. దానిలో ఉన్న ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీదవాటితో అక్షరం అక్షరం కలవాలి. మట్టి, తుప్పు ఉంటుంది కాబట్టి పాత బ్రష్షు, కొంచెం కిరోసిన్ తీసుకుపో. ఛాసిస్ నంబరు హ్యాండిల్ మెడ దగ్గర ఉంటుంది. ఇంజిన్ నంబరు కొట్టేసి మళ్లీ కొట్టినట్టు అనుమానం వస్తే ఫొటో తీసి నాకు పంపు. ఇంజిన్ వేరే బండిదైతే ఆ చిక్కు తేలేదాకా రూపాయి పెట్టకు.

ఇంకొకటి. మీ మామయ్య, పక్కింటి వాళ్లు, అందరూ చుట్టూ చేరి "ఒక్క కిక్ కొట్టు చూద్దాం" అంటారు. కొట్టకు. రింగులు బోరుకు అంటుకుపోయి ఉంటాయి, బలవంతంగా కదిపితే విరుగుతాయి, బోరు గీసుకుపోతుంది. రెండు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో నాలుగు చెంచాల డీజిలూ ఆయిలూ కలిపి పోసి, రంధ్రాల మీద శుభ్రమైన గుడ్డ కప్పి వచ్చెయ్. వారం తర్వాత మళ్లీ పోయి, ఆరో గేర్లో వేసి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకు వెనక్కి ఆడించు. కదిలితే ఫోన్ చెయ్, నేనే వస్తాను ట్రాలీ మాట్లాడుకుని.